స్టేషన్‌కి తీసుకెళ్లిన బిడ్డ శవమై తిరిగొస్తే: కుటుంబం ఏం చేయాలి, ఎలా చేయాలి

1987 డిసెంబర్ 1, రాత్రి 8 గంటలు. ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాలో నీలాబతి బెహెరా అనే తల్లి అన్నం కట్టుకుని జెరాయ్‌కెలా పోలీస్ ఔట్‌పోస్ట్‌కి వెళ్లింది. ఆమె కొడుకు సుమన్‌కి 22 ఏళ్లు. ఏదో దొంగతనం కేసులో విచారించాలని పొద్దున్నే తీసుకెళ్లారు. కొడుకు అన్నం తిన్నాడు. ఆమె ఇంటికి వచ్చేసింది. మర్నాడు అతని శవం రైలు పట్టాల మీద దొరికింది, ఒంటినిండా గాయాలతో. కట్టేసిన తాడుని పళ్లతో కొరుక్కుని తెల్లవారుజామున 3 గంటలకు పారిపోయాడని, రైలు కింద పడి ఉంటాడని పోలీసులు చెప్పారు.

ఆ తల్లి సుప్రీంకోర్టుకి ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు అవి లాఠీ దెబ్బల్లాంటివే అని సాక్ష్యం చెప్పడంతో రైలు కథ నిలవలేదు. 1993లో తీర్పు వచ్చింది. ఈ రోజు లాకప్ మరణానికి ప్రభుత్వం పరిహారం కట్టాలని ఏ హైకోర్టులో అడిగినా లాయర్లు ముందు చెప్పేది ఆమె కేసే.

కింద రాసినవి బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రులు కూర్చుని చదవగలిగే విషయాలు కావు. వాళ్ల పక్కన నిలబడేవాళ్ల కోసం రాస్తున్నాను: మేనమామ, పెదనాన్న కొడుకు, స్నేహితుడు, ఆ వీధిలో నాలుగు ముక్కలు రాయగలిగిన అమ్మాయి. మీలో ఒకరు కాగితాల బాధ్యత తీసుకోండి. ఇంకొకరు తల్లిదండ్రుల్ని విడవకుండా ఉండండి. రెండు పనులూ ఒక్కరే చేయలేరు.

తీసుకెళ్లిన గంట నుంచే రాసుకోండి

మనిషి ఇంకా స్టేషన్‌లో బతికుండగానే ఇది మీ చేతికి వచ్చి ఉంటే అదృష్టం. ఎన్ని గంటలకు వచ్చారు, ఎంతమంది, యూనిఫాంలో ఉన్నారా, బండి నంబరు ఏమిటి, ఏ స్టేషన్ అని చెప్పారు, చూసినవాళ్లెవరు: ఒక నోట్‌బుక్‌లో రాయండి. వెంటనే 112కి ఫోన్ చేసి, మా వాణ్ని ఫలానా వాళ్లు తీసుకెళ్లారు, ఏ స్టేషన్‌లో ఉన్నాడో చెప్పండి అని అడగండి. ఆ కాల్ రికార్డు అవుతుంది. వాళ్లు బదులు చెప్పకపోయినా మీరు అడిగిన సమయం నిలిచిపోతుంది. ఎస్పీకి లేదా కమిషనర్‌కి మెయిల్, వాట్సాప్ పంపండి. స్క్రీన్‌షాట్ దాచండి.

1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినవి గుర్తుంచుకోండి. అరెస్టు చేస్తే అక్కడే మెమో రాయాలి, దాని మీద ఇంటివాళ్లో ఊరి పెద్దో ఒకరు సాక్షిగా సంతకం చేయాలి. దగ్గరివాళ్లకి కబురు చెప్పాలి. ఒంటి మీద దెబ్బలుంటే అరెస్టు సమయంలోనే రాసిపెట్టాలి. కస్టడీలో ఉన్నన్నాళ్లూ ప్రతి 48 గంటలకు డాక్టరు చూడాలి. 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగమే చెప్పింది. ఆ గడువు దాటినా మనిషి జాడ లేకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్, వేయించండి. లాయరు ఖర్చు లేకపోతే 15100కి ఫోన్ చేయండి, అది న్యాయ సేవాధికార సంస్థ నంబరు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరు హక్కు.

అరెస్టు చూపించలేదు, ఊరికే పిలిచి మాట్లాడాం అంటారు. మీ నోట్‌బుక్ తర్వాత జవాబు చెప్పేది ఆ మాటకే.

కబురు వచ్చాక రెండు పనులు ఆపండి: సంతకం, దహనం

కబురు ఎప్పుడూ సూటిగా రాదు. "మీవాడికి సీరియస్‌గా ఉంది, ఆస్పత్రికి రండి" అంటారు. వెళ్లేసరికి మార్చురీ దగ్గర ఎవరో ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉంటారు. బాడీ తీసుకోవాలంటే ఇక్కడ సంతకం పెట్టండి అంటారు. ఆ కాగితంలో "మృతిపై మాకు ఎలాంటి అనుమానం లేదు" అన్న ఒక్క వాక్యం ఉంటే ఆ తర్వాత ఏళ్ల తరబడి దాంతో తలపడాల్సి వస్తుంది. చదవని కాగితం మీద, తెల్ల కాగితం మీద సంతకం చేయొద్దు, వేలిముద్ర వేయొద్దు. తల్లికి చదువు రాకపోతే చదివి వినిపించే మనిషి పక్కన ఉండాల్సిందే. తప్పనిసరి అయితే సంతకం పక్కనే సొంత చేతిరాతతో "పోలీసులు కొట్టడం వల్లే చనిపోయాడని మా అనుమానం" అని రాసి, తేదీ, టైమ్ వేయండి. ఫోటో తీసుకోండి.

రెండోది చెప్పడానికి నాకే నోరు రావడం లేదు, అయినా చెప్పాలి. వీలైతే దహనం చేయొద్దు, పూడ్చిపెట్టండి. మీ ఆచారం దహనమే అయినా ఇంటి పెద్దలతో మాట్లాడండి. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌లో ఒక దళిత మహిళ చనిపోయినప్పుడు హైకోర్టు ఆదేశంతో మృతదేహాన్ని వెలికితీసి మళ్లీ పోస్ట్‌మార్టం చేశారు. ఆ తర్వాత ఎస్సైని, కానిస్టేబుళ్లని ఉద్యోగాల్లోంచి తీసేశారు. బూడిదకి రెండో పోస్ట్‌మార్టం లేదు. రాత్రికి రాత్రి అంత్యక్రియలు ముగించండి, లేకపోతే ఊళ్లో గొడవలవుతాయి అని తొందర పెడితే, ఆ తొందర పెట్టినవాళ్ల పేర్లు కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కించండి.

పోస్ట్‌మార్టం: ఇక్కడే కేసు నిలబడుతుంది లేదా పోతుంది

దీని మీద ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే ఎక్కువ కుటుంబాలు ఓడిపోయేది ఇక్కడే. లోపల చూసిన సాక్షులు ఉండరు, ఉన్నవాళ్లు పోలీసులే. మాట్లాడగలిగేది ఒళ్లు ఒక్కటే.

శవ పంచనామా అంటే మృతదేహాన్ని చూసి ఎక్కడెక్కడ ఏ గాయాలున్నాయో రాసే కాగితం. కస్టడీ మరణంలో ఇది అదే స్టేషన్ ఎస్సై చేసే పని కాదు, మెజిస్ట్రేట్ విచారణ జరగాలి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 196 ప్రకారం మెజిస్ట్రేట్ వీలైనంత వరకు దగ్గరి బంధువులకు కబురు చేసి విచారణలో వాళ్లని ఉండనివ్వాలి. తల్లి, తండ్రి, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య లేదా భర్త: వీళ్లని చట్టం బంధువులుగా లెక్కిస్తుంది. మిమ్మల్ని బయట నిలబెడితే "మమ్మల్ని అనుమతించలేదు" అని అప్పటికప్పుడు రాసి ఇవ్వండి.

ఆస్పత్రి సూపరింటెండెంట్‌కి, మెజిస్ట్రేట్‌కి ఒకే అర్జీ రెండు కాపీలు ఇవ్వండి. అందులో ఇవి అడగండి: ఒక్క డాక్టరు కాకుండా డాక్టర్ల బోర్డు చేయాలి; వీలైతే పక్క జిల్లా మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ డాక్టరు ఉండాలి; మొదటి నుంచి చివరి వరకు వీడియో తీయాలి; ఒళ్లంతా ఎక్స్‌రే తీయాలి; శాంపిళ్లు సీల్ వేసి ల్యాబ్‌కి పంపాలి. వీడియో మీరు కొత్తగా కోరుతున్న కోరిక కాదు, జాతీయ మానవ హక్కుల కమిషన్ 1995 నుంచి రాష్ట్రాలకు చెబుతున్నదే. రాత్రిపూట పోస్ట్‌మార్టానికి ఒప్పుకోవద్దు. 2021 నవంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ రాత్రి పోస్ట్‌మార్టాలకు అనుమతి ఇచ్చినప్పుడు కూడా, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, హత్య, ఆత్మహత్య, అనుమానం ఉన్న మరణాలను మినహాయించింది.

అరికాళ్లు. ఈ మాట అర్జీలో విడిగా రాయండి. లాఠీతో అరికాళ్ల మీద కొడితే చర్మం పైన పెద్దగా కనిపించకపోవచ్చు, లోపల రక్తం గడ్డకట్టి ఉంటుంది. అరికాళ్లు, అరచేతులు, పిరుదులు, తొడల వెనక భాగం, వీపు: ఈ చోట్ల చర్మాన్ని కోసి కింద కండ చూడమని అడగాలి. మణికట్ల చుట్టూ, చీలమండల చుట్టూ తాడు లేదా బేడీల గుర్తులు చూడమనాలి. గోళ్ల కింద కూడా. లోతైన కమిలిన దెబ్బలు కొన్ని గంటలు గడిచాకే పైకి తేలుతాయి. అందుకే మృతదేహం మీ చేతికి వచ్చాక, స్నానం చేయించే ముందు, పగటి వెలుతురులో మళ్లీ ఫోటోలు తీయండి. ముందు మొత్తం మనిషి, తర్వాత ఒక్కో గాయం. గాయం పక్కన స్కేలు పెట్టండి, లేకపోతే రూపాయి బిళ్ల, సైజు తెలియాలి. ఫిల్టర్లు వద్దు, క్రాప్ చేయొద్దు. వాట్సాప్‌లో పంపితే ఫోటో నాణ్యత పోతుంది, అసలు ఫైలు ఆ ఫోన్‌లోనే ఉంచి ఆ ఫోన్‌ని దాచేయండి. కోర్టులో చూపించాలంటే తీసినవాళ్లు సర్టిఫికెట్ మీద సంతకం చేయాలి కాబట్టి, తీసేది కూడా తర్వాత ధైర్యంగా వచ్చి చెప్పగలిగిన మనిషి అయి ఉండాలి.

బట్టలు మీకే ఇచ్చేస్తే ఉతకొద్దు. నీడన ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో బూజు పడుతుంది. పోలీసులు తీసుకుంటే జాబితా రాసిన కాగితం కాపీ అడగండి.

చనిపోయే ముందు ఆస్పత్రికి తెచ్చి ఉంటే అక్కడి కేస్ షీట్, ఎమ్మెల్సీ (పోలీసు కేసుకి సంబంధించిన గాయాల్ని ఆస్పత్రి రాసుకునే మెడికో లీగల్ కేసు) రిజిస్టర్ ఎంట్రీ చాలా విలువైనవి. తీసుకొచ్చింది ఎవరు, ఎన్నింటికి, ఏం చెప్పి చేర్చారు, అప్పటికే ప్రాణం పోయిందా అన్నది అందులో ఉంటుంది.

ఎఫ్ఐఆర్‌లో సెక్షన్ చూడండి

కేసు కట్టాం అని ఎఫ్ఐఆర్ కాపీ చేతిలో పెడతారు. ఇంటికి వచ్చి చూస్తే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 194 అని ఉంటుంది. అది అనుమానాస్పద మృతి, అంతే. అందులో నిందితుడంటూ ఎవరూ ఉండరు. మీరు విడిగా ఫిర్యాదు ఇవ్వాలి, ఎవరు చేశారని మీ అనుమానమో హోదాతో, పేరుతో రాయాలి. పేర్లు తెలియకపోతే "ఆ రోజు డ్యూటీలో ఉన్న సిబ్బంది" అని రాయండి. హత్యకు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ కింద 103, నేరం ఒప్పించడానికి కొట్టినందుకు 120, ఆధారాలు మాయం చేసినందుకు 238. సెక్షన్ నంబర్లు మీరు రాయాల్సిన పని లేదు, జరిగింది జరిగినట్టు రాస్తే చాలు, కానీ వాళ్లు ఏది వేశారో చూసుకోవడానికి ఇవి తెలియాలి. చనిపోయినవాళ్లు ఎస్సీ లేదా ఎస్టీ అయి, కొట్టినవాళ్లు కాకపోతే అట్రాసిటీ చట్టం చేర్చమని అడగండి. ఆ చట్టం నిబంధనల కింద మరణానికి 8,25,000 రూపాయల పరిహారం ఉంది, సగం పోస్ట్‌మార్టం తర్వాతే ఇవ్వాలి. అబ్బాయికి 18 ఏళ్లు నిండకపోతే టెన్త్ సర్టిఫికెట్ జతచేయండి. మైనర్‌ని లాకప్‌లో పెట్టడమే చట్టవిరుద్ధం.

అదే స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోరు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్, అంటే తమ పరిధి కాకపోయినా కట్టాల్సిన కేసు, ఇవ్వొచ్చు. అక్కడా కాదంటే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆ రసీదు పట్టుకుని మెజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లండి. ఘోరమైన నేరం జరిగిందని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

"మా దగ్గర చనిపోలేదు" అన్న మాట తప్పక వింటారు. 2020 జూలైలో చీరాలలో మాస్కు లేదని ఆపిన దళిత యువకుడు చనిపోతే, జీపులోంచి దూకాడని పోలీసులు, కొట్టి చంపారని కుటుంబం అన్నారు. 2023లో మెదక్‌లో గొలుసు దొంగతనం అనుమానంతో పట్టుకెళ్లి వదిలేసిన మనిషి, రోజుల తర్వాత హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. పోయే ముందు మంచం మీద నుంచి తనని ఎలా కొట్టారో వీడియోలో చెప్పాడు. తెలంగాణ హైకోర్టు దాన్ని సుమోటోగా, అంటే ఎవరూ పిటిషన్ వేయకుండానే, తీసుకుంది. అందుకే, వదిలేశాక ఇంటికి వచ్చిన పిల్లవాడు నడవలేకపోతున్నా, మూత్రంలో రక్తం పడుతున్నా, సర్దుకుంటుందిలే అనుకోకుండా ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్లి, పోలీసులు కొట్టారని చెప్పి ఎమ్మెల్సీ రాయించండి. అది ప్రాణం కాపాడొచ్చు కూడా.

సీసీ కెమెరా ఫుటేజీ: మూడో రోజు కాదు, మొదటి రోజే

2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో జయరాజ్, బెన్నిక్స్ అనే తండ్రీకొడుకులు చనిపోయారు. లాక్‌డౌన్‌లో షాపు తెరిచి ఉంచారన్నది వాళ్ల మీద మోపిన నేరం. హైకోర్టు పంపిన మెజిస్ట్రేట్ స్టేషన్‌కి వెళ్లి చూస్తే, హార్డ్ డిస్క్‌లో బోలెడు చోటు ఉన్నా ఏ రోజు ఫుటేజీ ఆ రోజే చెరిగిపోయేలా సెట్ చేసి ఉంది. ఆ కేసు నిలబడిందంటే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ వల్ల. లాఠీలకు, టేబుల్‌కి రక్తం మరకలున్నాయి, వెంటనే స్వాధీనం చేసుకోండి, లేకపోతే చెరిపేస్తారు అని ఆమె మెజిస్ట్రేట్‌కి చెప్పింది. ఆ స్టేషన్‌లో ఉద్యోగం చేస్తూ ఆ మాట చెప్పడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

అలాంటి మనిషి మీ కేసులో ఉంటుందో లేదో తెలియదు కాబట్టి ఈ ఉత్తరం ఆ రోజే పంపండి. ఎస్పీకి, మెజిస్ట్రేట్‌కి, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కి, మూడు చోట్లకీ:

"అయ్యా, మా అబ్బాయిని ఫలానా తేదీ, ఫలానా సమయానికి ఫలానా స్టేషన్‌కి తీసుకెళ్లారు. ఫలానా తేదీన చనిపోయాడు. ఆ తేదీల మధ్య స్టేషన్ గేటు, లాకప్, వరండా, ఎస్సై గది, వెనక భాగం కెమెరాల ఫుటేజీని, జనరల్ డైరీని, లాకప్ రిజిస్టర్‌ని, సెంట్రీ డ్యూటీ పుస్తకాన్ని, స్టేషన్ వాహనాల లాగ్ బుక్కుని వెంటనే భద్రపరచాలని కోరుతున్నాం. 2020 డిసెంబర్ 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఫుటేజీ కనీసం ఏడాది ఉంచాలి. అది చెరిగిపోతే ఆధారాలు మాయం చేసినట్టుగా భావిస్తాం."

రసీదు తీసుకోండి. కెమెరా పనిచేయడం లేదు అని చెబితే ఆ మాటే రాతపూర్వకంగా ఇమ్మనండి, ఎప్పటి నుంచి పనిచేయడం లేదో, రిపేరుకి ఎవరికి రాశారో చూపమనండి. సమాచార హక్కు చట్టం కింద ఇవే రికార్డులకు విడిగా దరఖాస్తు పెట్టండి. రోడ్డు మీది షాపుల కెమెరాలు మర్చిపోవద్దు, అవి త్వరగా చెరిగిపోతాయి. షాపు యజమానిని బతిమాలైనా కాపీ తీసుకోండి.

కమిషన్లు, కోర్టులు

కస్టడీలో ఎవరు చనిపోయినా 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి అధికారులే తెలియజేయాలి. వాళ్ల మీద వదిలేయకుండా మీరూ ఫిర్యాదు ఇవ్వండి. 14433 హెల్ప్‌లైన్ ఉంది, ఆన్‌లైన్‌లో కూడా తీసుకుంటారు. ఏడాది దాటితే తీసుకోరు. రాష్ట్ర కమిషన్ ముందు నడుస్తున్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు. కాబట్టి అసలు ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో లాయరుతో మాట్లాడి తేల్చుకోండి. కమిషన్ పరిహారం సిఫార్సు చేయగలదు, శిక్ష వేయలేదు.

మెజిస్ట్రేట్ విచారణలో వాంగ్మూలం ఇచ్చేటప్పుడు చూసింది వేరు, విన్నది వేరు అని విడదీసి చెప్పండి. విచారణ ఆర్డీవో చేత కాకుండా జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ చేత జరగాలని రాసి అడగండి.

విచారణ కమిషన్ వేశాం అని ప్రకటన రాగానే న్యాయం జరిగినట్టు అనుకోవద్దు. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగింది, అడిగిన ఆమె భర్త, ఒక రిక్షా కార్మికుడు, దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకి మారి, అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్ నివేదిక వేరు, క్రిమినల్ కేసు వేరు. రెండో దాని మీదే మీ కన్ను ఉండాలి. సొంత శాఖే దర్యాప్తు చేస్తే నమ్మకం లేదని చెప్పి, సీఐడీకో సీబీఐకో ఇవ్వమని, పరిహారం ఇప్పించమని హైకోర్టులో రిట్ వేయండి.

బేరానికి వచ్చినవాళ్లు

పదో రోజో పదకొండో రోజో పెద్దమనుషులు వస్తారు. ఇంత డబ్బు, ఇంట్లో ఒకరికి ఉద్యోగం, ఇంటి స్థలం. ఇంకో కొడుకు ఉన్నాడు కదా, వాడి గురించి ఆలోచించండి అంటారు. అది సలహా కాదు, బెదిరింపు. అప్పుల్లో ఉన్న కుటుంబం డబ్బు తీసుకుంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ తెలుసుకోవాల్సింది ఒకటుంది. ప్రభుత్వం ప్రకటించిన ఎక్స్‌గ్రేషియా తీసుకున్నంత మాత్రాన కేసు పోదు. హత్య కేసు రాజీకి వీల్లేనిది. డబ్బుతో పాటు ఒక అఫిడవిట్ మీద సంతకం అడిగితే అక్కడ ఆగి లాయరుకి చూపించండి. సాక్షులకు బెదిరింపులు వస్తుంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి ఆధ్వర్యంలోని కమిటీకి దరఖాస్తు పెట్టొచ్చు.

ఆ తర్వాత

90 రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు మీకు చెప్పాలి, చెప్పకపోతే రాసి అడగండి. ఆధారాలు లేవని కేసు మూసేస్తే కోర్టు మీకు నోటీసు ఇస్తుంది, అప్పుడు ప్రొటెస్ట్ పిటిషన్, అంటే ఆ మూసివేతకి ఒప్పుకోం అనే అభ్యంతరం, వేయండి. లాకప్ లోపల జరిగినదానికి ప్రత్యక్ష సాక్షుల్ని తెమ్మని పట్టుబట్టడం సరికాదని, పోలీసులు ఒకరినొకరు కాపాడుకుంటారని 1995లో శ్యాంసుందర్ త్రివేది కేసులో సుప్రీంకోర్టే అంది. ఆ తీర్పు మీ లాయరు చేతిలో ఉండాలి.

ఈ ఫైలు ఒక్క చోట పెట్టొద్దు. మూడు సెట్లు తీయించండి: ఒకటి లాయరు దగ్గర, ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న నమ్మకమైన బంధువు దగ్గర. పైన ఒక కాగితం మీద తేదీల వారీగా ఏం జరిగింది, ఎవరికి ఏం ఇచ్చాం, రసీదు నంబరు ఏమిటి అని రాసి, ప్రతి వాయిదా తర్వాత ఒక లైను చేర్చండి. నీలాబతి బెహెరా ఉత్తరం రాసింది 1988 సెప్టెంబర్‌లో. జిల్లా జడ్జిని విచారించమని కోర్టు చెప్పింది 1991లో. తీర్పు వచ్చింది 1993 మార్చిలో, కొడుక్కి అన్నం తీసుకెళ్లిన రాత్రి నుంచి అయిదేళ్లు దాటాక. లక్షా 50 వేల రూపాయలు ఇమ్మని, బాధ్యులెవరో తేల్చమని కోర్టు ఒడిశా ప్రభుత్వానికి చెప్పింది.